సముద్రం పక్కన మా అమ్మ తవ్విన చెలమ

మా నాయన నలభై ఏళ్ళు కర్ణాటకలోని చింతామణిలో లారీలకు చెక్క బాడీలు కట్టాడు. టమాటా మండీకి వచ్చే లారీల్లో ఆయన చేతి మీద తయారైనవి చాలా ఉండేవి. రోడ్డు మీద పోతున్న లారీని వెనక నుంచి చూసి, తలుపు బిగింపును బట్టి "ఇది మనదే" అనేవాడు. తరవాత ఇనుప బాడీలు ఫ్యాక్టరీల నుంచి నేరుగా రావడం మొదలైంది. ఆయన షెడ్డు మూసేశాడు.

మూసిన ఏడాదికి, ఎవరో బడివాళ్ళు అమ్మేసిన పాత వ్యాను ఒకటి తెచ్చి ఇంటి ముందు నిలబెట్టాడు. ఎందుకని ఎంతమంది అడిగినా చెప్పలేదు. ఎనిమిది నెలలు రోజూ పొద్దున టిఫిన్ అయిన వెంటనే రంపం, ఉలి పట్టుకొని అందులో దూరేవాడు. సీట్లు పీకేసి ఎదురెదురుగా రెండు మంచాలు కట్టాడు. వాటి మధ్య నేల మీద రెండు పరుపులు పట్టేంత చోటు వదిలాడు. వంటకు ఒక గట్టు, మడిచిపెట్టే బల్ల, వెనక వంద లీటర్ల నీళ్ళ డ్రమ్ము. చెక్కంతా పాత లారీల నుంచి విప్పి దాచుకున్నదే. చిత్రిక పట్టి నూనె రాసేసరికి, అది ఒకప్పుడు టమాటా పెట్టెలు మోసిన చెక్క అంటే నమ్మేటట్టు లేదు. ఆరో తరగతి చదివే నా కూతురు దాన్ని క్యారవాన్ అంది. మా అమ్మ మాత్రం బండి అనే అనేది.

"సముద్రం దాకా పోదాము" అన్నాడు నాయన, పని ముగిసిన రోజు.

"సముద్రం చూసి ఏం చేసేది? ఆ నీళ్ళు తాగేకి రావు, పైరుకు రావు" అంది అమ్మ.

ఆఖరికి గోకర్ణం అనే మాట చెప్పి ఒప్పించాడు. దేవుడి దగ్గరికంటే ఆమె కాదనదు. మా ఆయన అంగడి వదిలి రాలేనన్నారు. రెండేళ్ళ కిందట, వేసవి సెలవుల్లో, నాయన, అమ్మ, నేను, నా కూతురు నలుగురం బయలుదేరాం.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నేను చిక్కబళ్ళాపురం దగ్గర ప్రభుత్వ ప్రౌఢశాలలో, అంటే హైస్కూల్లో, సైన్సు చెప్తాను. మా ఇంట్లో పనితనం అంటే నాయనదే అని నాకు చిన్నప్పటి నుంచీ గట్టి నమ్మకం. అమ్మ బాగేపల్లి పక్క పల్లెటూరి నుంచి పెళ్ళయి వచ్చింది. మూడో తరగతి దాకా చదివింది. వండింది, పెంచింది, రెండు ఆవుల్ని చూసుకుంది. ఎక్కడ ఏ ఫారం నింపినా, తల్లి వృత్తి దగ్గర ఏమీ ఆలోచించకుండా గృహిణి అని రాసేదాన్ని. తప్పేమీ కాదు. కానీ ఆ మాట రాసేటప్పుడు నా పెన్ను ఒక్క క్షణమైనా ఆగేది కాదు.

నాయన నలభై దాటించకుండా నడిపాడు కాబట్టి రెండో రోజు మధ్యాహ్నానికి గానీ ఘాట్ దిగలేదు. దిగిన తరవాత గాలే మారిపోయింది. ఒళ్ళంతా జిడ్డు. రోడ్డుకు రెండు పక్కలా కొబ్బరిచెట్లు, ఎర్రరాతి గోడలు, పెంకుటిళ్ళు. గోకర్ణానికి ఇంకా చాలా దూరం ఉండగానే పొద్దు వాలింది. పెద్ద రోడ్డు వదిలి ఒక సన్నదారి పట్టి పోతే చిన్న ఊరు వచ్చింది. వెనక ఎర్రరాతి గుట్ట, ముందు సముద్రం, మధ్యలో నూరు ఇళ్ళు కూడా ఉండవు. ఒక అంగడి, పడవలు లాగిపెట్టిన ఇసుక, వలలు ఆరేసిన కంచెలు. బస్సు రోజుకు రెండుసార్లేనట.

ఒక కొబ్బరితోట ముందు ఆగి, ఈ పూటకు బండి ఇక్కడ పెట్టుకోవచ్చా అని కన్నడలో అడిగాను. తోట యజమానురాలు మా అమ్మ ఈడుదే. చేపలు అమ్మి పిల్లల్ని పెంచిన మనిషి. గొంతు పెద్దది. "పెట్టుకోండి, చోటుకేం కరువు? నీళ్ళు మాత్రం అడక్కండి" అంది.

ఆ మాట ఎందుకన్నదో కాసేపటికి తెలిసింది. గుట్ట అవతల రోడ్డు వెడల్పు చేస్తూ ఊరికి వచ్చే నీళ్ళ పైపు పగలగొట్టారు. ఐదు రోజులైంది. ఎండాకాలం చివరికి ఊళ్ళో బావులన్నీ ఉప్పెక్కుతాయి. ట్యాంకరు ఒకసారి వచ్చింది, మళ్ళీ రాలేదు. అంగట్లో నీళ్ళ క్యాన్లు అయిపోయాయి. ఆమె కూతురు కాన్పుకు వచ్చి ఉంది. బిడ్డకు పందొమ్మిది రోజులు. ఇంట్లో ఒక్క బిందెడు మంచినీళ్ళు మిగిలాయి.

అమ్మ ఇంకో మాట అడగలేదు. వ్యాను వెనక తలుపు తీసి, "ఏమయ్యా, డ్రమ్ములో ఎంత ఉండాది?" అంది నాయనతో.

"సగం ఉండాది."

"మనకు రెండు చెంబులు పెట్టుకోని, మిగిలింది ఆ బాలింతకు పోసేయి."

నాయన పోశాడు. ఆ రాత్రి మేము గుక్కలు లెక్కపెట్టుకొని తాగి పడుకున్నాం.

పొద్దున లేచేసరికి అమ్మ లేదు. సముద్రం చూడ్డానికి పోయిందేమో అనుకొని నేనూ నా కూతురూ ఇసుకలోకి నడిచాం. ఆమె సముద్రానికి వీపు పెట్టి నిలబడి ఉంది. గుట్ట మీద నుంచి ఊరి పక్కగా దిగి సముద్రంలో కలిసే వాగు ఒకటి ఉంది. ఎండాకాలం కదా, చుక్క నీరు లేదు, తెల్లటి ఇసుక మాత్రమే. అమ్మ ఆ ఇసుక వైపు చూస్తోంది. చెప్పులు చేతిలో ఉన్నాయి.

"ఇంత ఇసుక పెట్టుకోని నీళ్ళు లేవంటాండారే" అంది.

"అమ్మా, అది సముద్రం పక్కనే ఉంది. తవ్వితే ఉప్పునీళ్ళే వస్తాయి" అన్నాను.

"నువ్వు తవ్వినావా?"

"తవ్వక్కర్లేదు. నేను పిల్లలకు పాఠం చెప్తాను కదా."

ఆమె తోట ఇంటికి వెళ్ళి పార అడిగి తెచ్చుకుంది. యజమానురాలు కూడా వెంట వచ్చింది, ఏం జరుగుతుందో చూద్దామని.

మొదటి గుంత సముద్రానికి మరీ దగ్గర. మోకాటి లోతుకే నీళ్ళు ఊరాయి. అమ్మ దోసిట్లో తీసుకొని నోట్లో పోసుకొని వెంటనే ఉమ్మేసింది. నాకు నిజం చెప్పాలంటే కొంచెం తృప్తిగా అనిపించింది. నేను చెప్పాను కదా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇప్పటికీ ఆ క్షణం గుర్తొస్తే సిగ్గేస్తుంది.

అమ్మ పార ఇసుకలో గుచ్చి చుట్టూ చూసింది. కింద ఏదో వెతుకుతూ వాగులో పైకి నడిచింది. ఒకచోట వంగి చిన్న గవ్వ ఏరి, దాన్ని పట్టుకొని ఇంకా పైకి పోయింది. గవ్వలు, ఎండిన నాచు ఒక గీత గీసినట్టు ఆగిపోయిన చోట నిలబడింది.

"ఈ గవ్వలు నడిచి వస్తాయా? సముద్రం ఈడిదాకా వచ్చి పోతాండాది. ఉప్పు ఈడిదాకానే" అంది. "దీనికి పైన చూడల్ల."

ఆమె సముద్రం చూడటం జీవితంలో అదే మొదటిసారి. వచ్చి ఒక రాత్రి మాత్రమే అయింది. ఆటుపోట్ల గురించి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

రెండో గుంతలో రెండు అడుగులకే ఎర్రరాయి తగిలింది. ఎండ ఎక్కింది. నాయన వచ్చి, "ఏమే, వడదెబ్బ తగిలితే ఈడ ఆస్పత్రి కూడా లేదు, రా" అన్నాడు. ఆమె వినిపించుకోలేదు. కొంగు తలకు చుట్టుకొని వాగు వంపు తిరిగే చోటుకు పోయింది. అక్కడ ఒడ్డు నీడలో మూడు ఊరకుక్కలు ఇసుకను గోకి, గుంతలు చేసుకొని ముడుచుకొని పడుకున్నాయి. అమ్మ వాటి దగ్గరికి వెళ్ళి అదిలించింది. అవి లేచిన చోట అరచెయ్యి ఇసుకలో పెట్టింది. నా కూతుర్ని పిలిచి ఆ పిల్ల చెయ్యి కూడా పెట్టించింది.

"ఎట్ల ఉండాది అమ్మీ?"

"చల్లగా ఉంది అవ్వా."

"కుక్కకు తెలిసినంత మనకు తెలీదు" అని పార అందుకుంది.

ఈసారి వెడల్పుగా మొదలుపెట్టింది. లోతు పోయేకొద్దీ గుంత నోరు పెద్దది కావాలనీ, లేకపోతే ఇసుక కూలిపోతుందనీ చెప్తూనే తవ్వింది. అలిసిపోయినప్పుడు నేను పార తీసుకున్నాను. పది పారలకే నా చేతులు బొబ్బలెక్కాయి. తోట యజమానురాలు చీర ఎగదోపి దిగింది. ఆమె బలం చూసి అమ్మ, "ఇదీ చెయ్యంటే" అని తెలుగులోనే మెచ్చుకుంది. ఆమెకు అర్థమయినట్టే ఉంది, నవ్వింది.

నడుం లోతుకు ఇసుక రంగు మారింది. ఇంకో జానెడు పోయాక అడుగున ఒక పక్క నుంచి నీళ్ళు ఊరడం మొదలైంది. చూస్తుండగానే పళ్ళెమంత మడుగు అయింది. తెల్లగా, బురదగా ఉంది. యజమానురాలు దోసిలి ముంచబోతే అమ్మ చెయ్యి పట్టుకొని ఆపింది. కొబ్బరిచిప్పతో ఆ నీళ్ళన్నీ తోడి పారబోసింది. మళ్ళీ ఊరాయి. మళ్ళీ పారబోసింది. మూడోసారి ఊరిన నీళ్ళు తేటగా ఉన్నాయి. అడుగున ఇసుక రేణువులు కనిపిస్తున్నాయి.

అమ్మ చిప్పెడు ముంచి ముందు తాను తాగింది. చిప్ప నాకిచ్చింది. నేను తాగాను. తియ్యటి నీళ్ళు. మా ఊళ్ళో బోరు నీళ్ళకంటే బాగున్నాయి. చిప్ప యజమానురాలికి ఇచ్చాను.

ఆమె తాగి, ఆ గుంత గట్టు మీదే కూర్చుండిపోయింది. "మా అవ్వ ఇట్లాగే తోడేది. ఈ వాగులోనే. కొళాయిలు వచ్చాక ఎవరికీ గుర్తే లేదు" అంది. కన్నడలో ఆ మాటంటూ కళ్ళు తుడుచుకుంది.

"ఎక్కడ నేర్చుకున్నావమ్మా ఇదంతా?" అని అడిగాను. నలభై మూడేళ్ళు ఆమె కూతుర్నయి ఉండి, అదే మొదటిసారి అడగడం.

"నేర్చుకునేదేముండాది? మా ఊరి చిత్రావతి ఏట్లో పొద్దున్నే పోయి చెలమ తోడుకోని రావల్ల. అది నా పని. పెండ్లయ్యేదాకా ఇంటికంతా నీళ్ళు నేనే. యాడ తవ్వితే తొందరగా ఊరుతాదో మా నాయన కూడా నన్నే అడిగేవాడు."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"నీకు చూపిచ్చేకి చిత్రావతిలో ఇసుక యాడుండాది? అంతా లారీలకు ఎత్తుకోని పోయిరి కదా."

పక్కనే నిలబడిన నాయన తల వంచుకున్నాడు. ఆయన కట్టిన లారీలు టమాటాలు ఒక్కటే మోయలేదు. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు.

మధ్యాహ్నానికి గుంత అంచులు జారడం మొదలైంది. మనుషులు బిందెలతో వచ్చి తొక్కుతుంటే ఇసుక లోపలికి కూలుతోంది. అమ్మ చిన్నప్పుడైతే అడుగు లేని బుట్ట దించేవాళ్ళట. ఇక్కడ అంత పెద్ద బుట్ట దొరకలేదు. నాయన గుంత చుట్టూ ఒకసారి తిరిగి, తాడుతో కొలత తీసుకొని వ్యాను దగ్గరికి పోయాడు. కాసేపటికి నేను వెళ్ళి చూస్తే తన మంచం పలకలు విప్పుతున్నాడు. ఎనిమిది నెలలు కష్టపడి కట్టిన మంచం.

"నాయనా, అది ఎందుకు విప్పుతావు? ఇంకేదైనా చెక్క దొరుకుతుందేమో అడుగుదాం" అన్నాను.

"ఇంత గట్టి చెక్క ఈ ఊర్లో దొరకదు. నీళ్ళల్లో నిలబడల్ల కదా" అన్నాడు.

మూత, అడుగు లేని పెట్టె ఒకటి తయారుచేశాడు. ఒక్క మేకు కూడా కొట్టలేదు. మేకు తుప్పు పట్టి నీళ్ళలోకి దిగుతుందని అన్నీ గాడి తీసి, చెక్క చీలలతో బిగించాడు. నలుగురు జాలర్లు దాన్ని మోసుకొచ్చి గుంతలో దించారు. దించుతున్నప్పుడు ఒక పెద్దాయన ఆ బిగింపుల మీద వేలు నడిపి, "పడవలు కడతారా మీరు?" అని అడిగాడు.

"నేను పడవ చూసిందే నిన్న" అన్నాడు నాయన. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహం చూడాల్సింది.

తరవాతి మూడు రోజులు మా అమ్మ ఆ చెలమ దగ్గర రాజ్యం చేసింది. చెప్పులతో ఎవరూ గట్టెక్కకూడదు. బిందె ముంచకూడదు, చిప్పతో తోడి గుడ్డ వేసి వడగట్టుకోవాలి. బట్టలు ఉతకడం వంద అడుగుల అవతల, అదీ ఉప్పునీళ్ళతో. నాలుగు బిందెలు తోడాక కాసేపు ఆగాలి, ఊట తేరుకోవాలి. ముందు పసిబిడ్డలున్న ఇళ్ళు, తరవాత ముసలివాళ్ళు, తరవాత మిగిలినవాళ్ళు. పొద్దు కూకేముందు కొబ్బరి మట్టలతో మూసెయ్యాలి. ఆమె కన్నడం మా బాగేపల్లి కన్నడం, సగం తెలుగు. వాళ్ళది కడలి ఒడ్డు కన్నడం. అయినా ఆమె చెప్పింది అందరికీ అర్థమైంది, ఎవరూ ఎదురు చెప్పలేదు. నా కూతురు చాక్‌పీసు పట్టుకొని ఏ ఇంటివాళ్ళు ఎన్ని బిందెలు తీసుకున్నారో పెట్టె చెక్క మీద గీతలు గీసేది. అది చూసి నాకు నవ్వొచ్చింది, బడిలో నేను చేసే పనే.

రెండో రోజు గ్రామ పంచాయతీ సభ్యుడు వచ్చాడు. తెల్ల చొక్కా మనిషి. చెలమ చూసి, తాగి చూసి, "ఎవరు తవ్వించారు?" అన్నాడు.

తోట యజమానురాలు మా అమ్మ భుజం మీద చెయ్యి వేసి, "ఈమె. నీళ్ళు లేని సీమ నుంచి వచ్చి మాకు నీళ్ళు చూపించింది" అంది. చుట్టూ ఇరవై మంది ఆడవాళ్ళు ఉన్నారు. అమ్మ కొంగు సర్దుకొని నేల చూసింది. నేను మాత్రం ఆ ఇరవై మంది మొహాలూ ఒక్కొక్కటిగా చూశాను. ఈమె మా అమ్మ అని అందరికీ వినబడేటట్టు చెప్పాలనిపించింది. చెప్పాను కూడా. కొంచెం గట్టిగానే చెప్పాను.

మూడో రోజు సాయంత్రం పైపు బాగుపడింది. కొళాయిల్లో ముందు ఎర్రనీళ్ళు, తరవాత మంచినీళ్ళు వచ్చాయి. మాకు సెలవులు ఉన్నా, నాకు ఆ వారంలోనే టీచర్ల శిక్షణ ఒకటి ఉండింది. గోకర్ణం పోవడానికి రోజులు చాలలేదు. అమ్మకు ఎలా చెప్పాలా అనుకుంటుంటే, ఆమే "ఇంకోసారి పోదాంలే" అనేసింది.

బయలుదేరే రోజు పొద్దున తోట యజమానురాలు బిడ్డను తెచ్చి మా అమ్మ చేతుల్లో పెట్టింది. "నీ చేత్తో ఒకసారి నీళ్ళు పోసి పో" అంది. అమ్మ పెరట్లో పీట మీద కూర్చొని కాళ్ళు చాపి, బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకుంది. కొబ్బరినూనె రాసి, ఒళ్ళంతా మెత్తగా పిసికి, చెలమ నీళ్ళు గోరువెచ్చగా కాచి పోసింది. బిడ్డ ముందు కేకలు పెట్టి, తరవాత ఊరుకున్నాడు. ఆ బాలింత గోడకు ఆనుకొని కళ్ళార్పకుండా చూస్తూ నిలబడింది.

అప్పుడు మాత్రం అమ్మ సముద్రం దగ్గరికి పోదామంది. చీర తడవకుండా పట్టుకొని, మోకాళ్ళ దాకా దిగి, అలలు వచ్చినప్పుడల్లా నా భుజం గట్టిగా పట్టుకుంది. "ఎంత నీళ్ళు" అంది.

తిరుగు దారిలో నాయన రెండు రాత్రులు వ్యాను నేల మీదే పడుకున్నాడు. ఇంటికొచ్చాక కూడా ఆ మంచం వెంటనే కట్టలేదు. ఇంటికి ఎవరొచ్చినా వ్యాను తలుపు తీసి, మంచం లేని చోటు చూపించి, చెలమ కథ మొదటి నుంచీ చెప్పేవాడు. అందులో తన పెట్టె గురించి తక్కువ, అమ్మ గురించి ఎక్కువ ఉండేది. అది నేను గమనించాను.

జూన్‌లో బడి తెరిచాక తొమ్మిదో తరగతికి భూగర్భజలం పాఠం వచ్చింది. గుట్ట మీద కురిసిన వాన ఇసుక కింద మెల్లగా సముద్రం వైపు జారుతుందనీ, తియ్యటి నీళ్ళు ఉప్పునీళ్ళకంటే తేలిక కాబట్టి వాటి మీద తేలి నిలుస్తాయనీ బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాను. ఆ సంగతి నాకు అంతకు ముందూ తెలుసు, పుస్తకంలో ఉన్నదే. అయినా ఆ పొద్దున వాగులో నిలబడి అది నాకు తట్టలేదు. పిల్లలకు ఆ మాట కూడా దాచకుండా చెప్పాను. తరవాత మా అమ్మ గవ్వ పట్టుకొని ఎలా నడిచిందో చెప్పాను. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

వానలు మొదలవకముందే ఆ ఊరివాళ్ళు పెట్టెను పైకి తీసి పడవల షెడ్డులో భద్రంగా పెట్టారట. మరుసటి ఎండాకాలం పైపు బాగానే ఉన్నా, వాగులో మళ్ళీ చెలమ తవ్వి దించారు. తోట యజమానురాలి కూతురు వీడియో పంపింది. ఆడవాళ్ళు చెప్పులు దూరంగా విడిచి, చిప్పలతో తోడుకుంటున్నారు. ఏడాది నిండిన బిడ్డ ఇసుకలో దోగాడుతున్నాడు. అమ్మ నా ఫోను కళ్ళకు దగ్గరగా పెట్టుకొని రెండుసార్లు చూసింది.

"బాగా చేస్తాండారు" అంది. ఇంకోసారి చూసి, "గుంత ఇంకొక నాలుగు అడుగులు పైకి జరిపింటే ఇంకా తొందరగా ఊరుండేది. ఫోన్ చెయ్యి పాపా, చెప్తాను" అంది.

ఫోన్ కలిపి ఆమె చేతికిచ్చాను.